పల్లెకు యాప్ తెస్తున్నారా? ముందు దాన్ని మోసే మనిషిని కలవండి

అనంతపురం వైపు పల్లెల్లో రైతులకు మెసేజ్‌లు పంపాలనో, పొదుపు సంఘాల లెక్కలు ఫోన్‌లోకి ఎక్కించాలనో, ఇంకేదో సర్వే యాప్ పెట్టాలనో ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే. ఊళ్లో దీన్ని నడిపేది ఎవరు? పేరు చెప్పండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు. సర్వర్ ఎక్కడుందో చెప్తారు, ఎన్ని మండలాలో, ఎన్ని వేల కుటుంబాలో చెప్తారు, ఎండలో ఇంటింటికీ తిరిగే మనిషి దగ్గరికి వచ్చేసరికి "లోకల్ స్టాఫ్ చూసుకుంటారు" అంటారు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు, కొన్నాళ్లు కర్నూలు జిల్లాలో, ఎనిమిదేళ్లుగా ఇవే పనుల్లో తిరుగుతున్నాను. నిలబడిన ప్రతి ప్రాజెక్టు వెనకా అలాంటి మనిషి ఒకరు కనిపించారు, మూలనపడ్డవాటిలో ఎక్కువ భాగం ఆ మనిషిని పట్టించుకోకే మూలనపడ్డాయి. ఆ మనిషిని ఎలా వెతకాలి, పక్కన కూర్చుని ఏం నేర్చుకోవాలి, డబ్బు ఎలా ఇవ్వాలి, పని అయిపోయాక మర్యాదగా ఎలా బయటికి రావాలి అన్నది నాకు తెలిసినంత రాస్తున్నా.

పేరు మోసిన ప్రాజెక్టులు చూసినా ఇదే కనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లో 1997లో గ్రామీణ్‌ఫోన్ మొదలైంది. పల్లెకు ఫోన్ చేర్చాలన్న ఆలోచన ఇక్బాల్ ఖాదిర్‌ది, అప్పులిచ్చింది ముహమ్మద్ యూనస్ పెట్టిన గ్రామీణ్ బ్యాంకు. ఊళ్లో దాన్ని బతికించింది మాత్రం ఆ అప్పుతో ఒక సెల్‌ఫోన్ కొనుక్కుని, కాల్‌కి ఇంత అని ఊరివాళ్లకు మాట్లాడించిన ఆడవాళ్లు. ఐటీసీ 2000లో రైతులకు ధరలు చెప్పి పంట కొనే ఈ-చౌపాల్ పెట్టినప్పుడు కంప్యూటర్‌ను ఆఫీసులో పెట్టలేదు, ఆ ఊరి రైతు ఇంట్లోనే పెట్టి, అతన్ని సంచాలక్ అని పిలిచి, ఊరందరి ముందు ప్రమాణం చేయించారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది పుదుచ్చేరి కథ. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 1998లో అక్కడి పల్లెల్లో సమాచార కేంద్రాలు మొదలుపెట్టారు. వీరాంపట్టినం అనే మత్స్యకారుల ఊళ్లో, సముద్రంలో అలలు ఎంత ఎత్తున ఉంటాయో అమెరికా నౌకాదళం వెబ్‌సైటు నుంచి తీసి, తమిళంలోకి మార్చి, మైకులో చదివేవాళ్లు. ఇంటర్నెట్ మొహం చూడని జాలరి ఒడ్డున నిలబడి ఆ మైకు విని పడవ దించాలా వద్దా అని తేల్చుకునేవాడు. ఎక్కడో అమెరికా నుంచి వచ్చిన సమాచారం చివరికి అతని చెవిన పడింది మైకు పట్టుకున్న ఊరి మనిషి గొంతులోంచే.

మన దగ్గరికే వద్దాం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు, అది మన జిల్లావాళ్లందరికీ తెలిసిందే. కూలీల లెక్కలన్నీ కంప్యూటర్లలోకి వెళ్లాయి, 2023 జనవరి 1 నుంచి హాజరు కూడా ఫోన్ యాప్‌లోనే, ఫోటోలు తీసి వేయాలన్నారు. ఆ ఫోటో తీసేది ఫీల్డ్ అసిస్టెంటో, కూలీల గుంపును చూసుకునే మేటో. మే నెలలో చెరువు పూడిక తీసే చోట ఫోన్ వేడెక్కి ఆగిపోతే కొంగు కప్పి నీడ చేసి, చల్లారాక మళ్లీ ఆన్ చేసి, అప్పటికే సద్ది గిన్నెలు సర్దుకుని ఇంటిదారి పట్టినవాళ్లను "ఇంకొక్క ఫోటో అక్కా, ఒక్క నిమిషం" అని ఆపే మేట్‌ను నేను దగ్గరుండి చూశాను. హాజరు పడకపోతే కూలి పోయేది కూలీలకి, మాట పడేది ఆమెకి. ఆ యాప్ గురించి ఎక్కడ మీటింగ్ జరిగినా ఆమె అందులో ఉండదు.

మనిషిని వెతకడం

ఊళ్లోకి వెళ్లగానే సర్పంచ్‌ను కలవాలి, సచివాలయానికి వెళ్లాలి, అది మర్యాద. సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలైనప్పటి నుంచీ అక్కడ డిజిటల్ అసిస్టెంట్ అని ఒక పోస్టు ఉంది కాబట్టి అందరూ పని తీసుకెళ్లి ఆ టేబుల్ మీదే పడేస్తారు. అలా చేయకండి. వాళ్లలో చాలామంది బయటి ఊరివాళ్లు, బదిలీ అయి వెళ్లిపోతారు, పైనుంచి వచ్చే పనులకే రోజు చాలదు. సాయం అడగండి, భారం వేయకండి.

మీకు కావాల్సింది జనం ఇప్పటికే ఎవరి దగ్గరికి పోతున్నారన్నది. సాయంత్రం ఆరు దాటాక రచ్చకట్ట మీదో, టీ అంగడి బెంచీ మీదో కూర్చుని, యాప్ సంగతి ఎత్తకుండా, "అన్నా, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే ఎవరితో చదివించుకుంటారు?" అని అడగండి. నలుగురిని అడిగితే ముగ్గురు ఒకే పేరు చెప్తారు. ఆ పేరు ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం లెక్కలు చూసే వీఓఏది కావచ్చు (ఊళ్లో ఇంకా యానిమేటర్ అనే అంటారు), ఆశా కార్యకర్తది, అంగన్‌వాడీ టీచర్‌ది, డిగ్రీ చదివి కిరాణా అంగట్లో కూర్చున్న అమ్మాయిది కావచ్చు. ఒక ఊళ్లో మాకు దొరికింది జిరాక్స్ షాపు పిల్లోడు, అంతకంటే నమ్మకమైన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆడవాళ్లను వేరేగా అడగండి. మగవాళ్లు చెప్పే పేరూ ఆడవాళ్లు చెప్పే పేరూ చాలాసార్లు ఒకటి కాదు. ఓటీపీ చెప్పాలంటే, ఖాతాలో ఎంతుందో చూపించాలంటే, ఆ సంగతి ఇంట్లో తెలియకూడదంటే ఒక అక్కను నమ్మినట్టు ఇంకొకరిని నమ్మరు. ఎస్సీ కాలనీలో కూడా వేరేగా అడగండి. ఊళ్లో పేరున్న మనిషి కాలనీ గడప తొక్కుతుందా, కాలనీవాళ్లు ఆమె ఇంటి అరుగు మీద కూర్చోగలరా అన్నది చూడకుండా ఊరికి ఒక్కరినే పెట్టుకుంటే సగం ఊరు మీ లెక్కలోకి రాదు. ఇద్దరిని పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకోండి, ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఒక రోజంతా వెంట తిరగండి

అలా దొరికిన అక్క చేతికి మీ యాప్ ఇవ్వకముందే ఒక రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆమె వెంట ఉండండి. జూన్‌లో వాన పడి విత్తే రోజుల్లో వెళ్లకండి, అక్టోబర్, నవంబర్‌లో బుడ్డలు (వేరుశనగ) పెరికే రోజుల్లో అసలే వెళ్లకండి, అప్పుడు ఊళ్లో ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే తీరిక ఉండదు. ల్యాప్‌టాప్ తీయకండి. ఆమెకు ఇప్పటికే ఎన్ని యాప్‌లు ఉన్నాయో చూడండి, ఎందుకంటే మీది మొదటిది కాదు. అంగన్‌వాడీ టీచర్‌కు పోషణ్ ట్రాకర్ ఉంది, వీఓఏకు సంఘాల యాప్ ఉంది, ఇంకా సర్వేలు, ఇంకా వాట్సాప్ గ్రూపులు. వాటికి తోడు మీది.

ఆ తర్వాత ఒక్క మాట అడగండి: "అక్కా, మీ నోటుబుక్కు ఒకసారి చూపిస్తారా?"

మేం ఈ మాట అడగడానికి ఏడాది పట్టింది. కళ్యాణదుర్గం దగ్గర ఒక వీఓఏ మా యాప్‌లో రోజూ డేటా ఎక్కించేది, ఒక్క తప్పు ఉండేది కాదు, మేమేమో మా యాప్ అంత బాగా పనిచేస్తోందని సంబరపడ్డాం. ఒకరోజు ఆమె ఇంటికి పోతే తెలిసింది, పగలంతా ఇళ్ల దగ్గర పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంటోంది, రాత్రి వంటా గింటా అయ్యాక మిద్దె మీదికెక్కి, మూలన పిట్టగోడ దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తుంది కాబట్టి అక్కడే నిలబడి, ఒక్కొక్కటీ ఫోన్‌లో కొడుతోంది. ఆ నోటుబుక్కు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఎర్ర ఇంకుతో గీతలు కొట్టుకుంది, మా ఫారంలో ఉన్న గడులు అన్నీ ఉన్నాయి, వాటి పక్కన మా ఫారంలో లేని ఇంకో గడి ఉంది. దాని పైన "ఎవరు ఇంట్లో ఉంటారు" అని రాసి ఉంది. ఏ ఇంటికి ఏ పూట పోతే మనిషి దొరుకుతుంది, ఎవరు బెంగళూరుకు పనికి పోయారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఏ ముసలమ్మ వేలిముద్ర పడదు, అన్నీ అందులోనే. మా సర్వర్లో ఉన్నదానికంటే పనికొచ్చే సమాచారం ఆ గడిలో ఉంది.

కాబట్టి చెప్తున్నా, యాప్ డిజైన్ ఆ నోటుబుక్కు నుంచి మొదలుపెట్టండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లోనే దాచుకుని, దొరికినప్పుడు పంపుకునేలా చేయడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు, అది ఉంటే ఆమె రాత్రిపూట పిట్టగోడ దగ్గర నిలబడక్కర్లేదు. అనుమతి లేకుండా నోటుబుక్కు ఫోటో మాత్రం తీయకండి. అందులో ఊరి గుట్లు ఉంటాయి.

టైమ్ కూడా కొలవండి, నిజంగా వాచీ చూసి. మేం ఒక్కో ఇంటికి ఐదు నిమిషాలు అని కాగితం మీద రాసుకున్నాం. ఆ అక్కతో తిరిగితే ఇంటికి ఇరవై పట్టింది, తలుపు తట్టాలి, నీళ్లు తాగమంటే తాగాలి, ఆధార్ కార్డు ట్రంకు పెట్టెలోంచి తీయాలి, కొడుక్కి ఫోన్ చేసి ఓటీపీ అడగాలి. ఆ ఊళ్లో 180 ఇళ్లు. మా లెక్కలో 15 గంటల పని, ఆమె కాళ్ల లెక్కలో 60 గంటలు. మిగతా 45 గంటలకు డబ్బు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, ఆమె ఊరికే చేసింది. నాకు ఇప్పటికీ బాధగా ఉండే విషయం అది.

మాటలు ఆమెనే మార్చనివ్వండి

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్ఎంఎస్ పంపాయి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు, అందుకే ఆ పద్ధతి నాకు నచ్చింది. వాన రాగానే తొందరపడి విత్తి, ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేక మొలకలు మాడిపోయిన చేలు చూసినవాళ్లకు ఒక వారం ఆగమని చెప్పే మెసేజ్ విలువ తెలుస్తుంది. కానీ మెసేజ్ రావడం వేరు, ఆ మాట నమ్మి గొర్రు ఆపడం వేరు.

మేం వేరే చోట ఇలాంటిదే చేసినప్పుడు మా మెసేజ్‌లో "నేలలో తగినంత తేమ శాతం ఉన్నప్పుడు మాత్రమే విత్తుకోవాలి" అని రాశాం. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. సంఘం మీటింగ్‌లో వీఓఏ దాన్ని పైకి చదవబోయి ఆగింది, ఫోన్ పక్కన పెట్టి, "పదును సాలదంటప్పా, ఇంకో వాన సూసి ఇత్తుకోండి" అంది. అంతే. అందరూ తలూపారు. ఒక పెద్దాయన మట్టి పిడికిట్లో పట్టి ఉండ కట్టి చూపిస్తున్నట్టు చెయ్యి మడిచి, "ఇంత పదునుండల్లనా?" అని అడిగాడు కూడా. "తేమ శాతం"కు రాని ప్రశ్న "పదును"కు వచ్చింది. మర్నాడే మేం మెసేజ్‌లన్నీ ఆమెకు పంపి తిరగరాయించుకున్నాం, ఆ పనికి వేరేగా డబ్బిచ్చాం. మీరు కూడా అలాగే చేయండి, అనువాదం ఊళ్లోనే చేయించండి. రాయదుర్గం దాటి కర్ణాటక సరిహద్దుకు పోతే ఇంట్లో కన్నడ మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉంటాయి, అక్కడ గొంతు రికార్డు చేసి పంపడమే మేలు.

పేర్ల దగ్గర కూడా ఆమె లేకపోతే మీరు మునుగుతారు. ఒకే ఊళ్లో ఆరుగురు నాగప్పలు, నలుగురు ఎర్రిస్వాములు ఉంటారు. ఒకే మనిషికి ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్కులో ఇంకోలా పేరుంటుంది, ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరో తండ్రి పేరో ఉంటుంది. కంప్యూటర్ "డూప్లికేట్" అని కొట్టేసిన పేర్ల జాబితా ఆమెకు ఇవ్వండి, వేలు పెట్టి చూపిస్తూ "ఈయన మిద్దె నాగప్ప, ఈయన బావికాడ నాగప్ప" అని పది నిమిషాల్లో విడదీస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మా పాత డేటాలో సగం మండలాలు తప్పు జిల్లాలో పడ్డాయి, అవి సరిచేయడానికి కూడా చివరికి ఇలాంటి మనుషులకే ఫోన్ చేశాం.

డబ్బు, ఫోను, మాట

ఇక్కడ మొహమాటం వద్దు. పని పెరిగితే డబ్బు పెరగాలి. బడ్జెట్ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ కింద ఎంత రాస్తున్నారో చూసుకుని, ఊరి మనిషి కింద ఎంత రాస్తున్నారో దాని పక్కన పెట్టి చూడండి. ఫోన్ మీరే ఇవ్వండి, రీఛార్జ్ మీరే చేయండి, పక్క ఊరికి పోవాల్సి వస్తే ఆటో చార్జీ ఇవ్వండి, డబ్బు నెలనెలా ఫలానా తేదీకి ఆమె ఖాతాలోనే పడాలి, భర్త ఖాతాలో కాదు. ఇన్సెంటివ్ అని పేరు పెట్టి ఎంట్రీకి ఇంత అని లెక్కకట్టే పద్ధతి నాకు నచ్చదు. సర్వర్ పడిపోయిన రోజు ఆమె తప్పేముంది? ఇళ్లు తాళాలేసి ఉంటే ఆమె తప్పేముంది? రోజుకు ఇంత అని ఇవ్వండి.

డబ్బు తర్వాత ముఖ్యమైనది ఫోన్ ఎత్తే మనిషి. యాప్ ఆగిపోతే ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? తెలుగు వచ్చిన, పేరు తెలిసిన, సాయంత్రం ఏడింటికి కూడా ఎత్తే ఒక మనిషి నంబరు ఇవ్వండి, ఆ మనిషి ఆమె కంటే ముందు ప్రాజెక్టులోంచి వెళ్లిపోతే కొత్త మనిషిని తీసుకెళ్లి ఎదురుగా పరిచయం చేయండి. ఊళ్లో జనానికి మీ కంపెనీ తెలియదు, ఆమె తెలుసు. డబ్బు పడలేదంటే ఆమె ఇంటి ముందుకే వస్తారు, ఆ టెన్షన్ ఆమెదే. అందుకే తప్పు మీదైతే ఊళ్లోకి వెళ్లి, సంఘం మీటింగ్‌లో నిలబడి, "తప్పు మాది, అక్కది కాదు" అని మీ నోటితో చెప్పండి. ఈ ఒక్క పనికి ఖర్చేం కాదు, చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మీరు అనుకున్నదానికి కాకుండా జనం ఆ యాప్‌ను ఇంకోదానికి వాడుతుంటే కోప్పడకండి, ఆమెను అడిగి తెలుసుకోండి. కెన్యాలో ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా కూడా అలాగే తేలింది. వొడాఫోన్‌లో నిక్ హ్యూస్, సూసీ లోనీ 2005లో దాన్ని చిన్న అప్పుల వాయిదాలు ఫోన్‌లో కట్టించుకోవడానికి పరీక్షించారు. జనమేమో దాంతో ఒకరికొకరు డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. 2007 మార్చిలో అక్కడి ఫోన్ కంపెనీ సఫారీకామ్ దాన్ని ఇంటికి డబ్బు పంపే సేవగానే మొదలుపెట్టింది. అలాంటి మార్పు ముందుగా కనిపించేది కౌంటర్ దగ్గర కూర్చున్న ఏజెంటుకే. మా యాప్‌లో "రిమార్కులు" అనే గడిలో ఒక ఊళ్లో అన్నీ బోరుబావుల లోతులే వచ్చేవి. చెత్త డేటా అని మావాళ్లు తుడిచేయబోయారు. అడిగితే, ఎవరి బోరు ఎన్ని అడుగులకు నీళ్లు పడిందో ఊరంతా ఒక చోట చూసుకోవాలని జనమే అడిగి రాయిస్తున్నారని తెలిసింది.

పేరు, ఫోటో, కథ

ఈ మనుషుల గురించి రాయాలి, గట్టిగా చెప్తున్నా. రిపోర్టులో ఫండ్ ఇచ్చినవాళ్ల లోగోలు మొదటి పేజీలో ఉంటే ఈ పేర్లు కూడా మొదటి పేజీలోనే ఉండాలి, ఆమె ఒప్పుకుంటేనే. ఒప్పుకోవడమంటే ఇంగ్లీషు కాగితం మీద సంతకం కాదు, ఎక్కడ వస్తుంది, ఎవరు చూస్తారు, ఫోన్ నంబరు వస్తుందా రాదా అన్నీ తెలుగులో చెప్పి, ఒక రాత్రి ఆలోచించుకోనిచ్చి, మర్నాడు అడగడం. వద్దంటే వద్దు.

మాట్లాడేటప్పుడు "ఈ యాప్ వల్ల మీ జీవితం ఎలా మారింది?" అని అడగకండి, మీకు నచ్చే జవాబే వస్తుంది. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు?" అని అడగండి. "ఈ పనిలో మీరు కనిపెట్టిన చిట్కా ఏంది?" అని అడగండి, మొహం వెలిగిపోతుంది. అరిగిపోయిన వేళ్లవాళ్లకు వేలిముద్ర పడాలంటే ముందు చేతులు కడిగించి, తుడిచి, కాసేపు ఆగి పెట్టించాలని నాకు చెప్పింది ఒక ఆశా కార్యకర్త, ఏ మాన్యువల్లోనూ నేను చదవలేదు. రాసింది అచ్చయ్యే ముందు ఆమెకు చదివి వినిపించండి. జిల్లా మీటింగ్ ఉంటే స్లైడ్లలో ఆమె ఫోటో పెట్టడానికి బదులు ఆమెనే తీసుకెళ్లి, బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఇచ్చి, మైకు ఆమె చేతికివ్వండి.

వెళ్లిపోయేటప్పుడు

ఏ ప్రాజెక్టైనా ఒకరోజు అయిపోతుంది. నేను పనిచేసిన ఒక సంస్థ ఫండ్ ఆగిపోగానే మెయిల్ పెట్టి సర్వర్ కట్టేసింది, ఊళ్లకు ఎవరూ పోలేదు. ఆరు నెలల తర్వాత నేను అటు వెళ్తే అక్కడ మా పని చూసిన అక్క, "సార్, ఇంకా వచ్చి అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకని మూడు నెలల ముందే చెప్పండి, ఆమెకు ముందు, ఆ తర్వాత ఆమె పక్కన నిలబడి ఊరికి. ఊరి డేటా ప్రింటు తీసి సంఘానికి ఇవ్వండి, అందులో ఎవరి బ్యాంకు వివరాలూ ఆధార్ నంబర్లూ లేకుండా చూసుకుని. ఆమె ఏం పని ఎన్నేళ్లు చేసిందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉత్తరం రాసి, సంతకం, సీలు వేసి ఇవ్వండి, తర్వాత వచ్చే ఉద్యోగానికి అది పనికొస్తుంది. ఆఖరి నెల డబ్బు ఆఖరి నెలలోనే వేయండి. ఫోన్ వెనక్కి తీసుకోకండి. అందులోంచి మీ యాప్, జనం వివరాలు తీసేసి, బిల్లు ఆమె పేరున రాసిచ్చి, ఆమెకే వదిలి రండి.